థ్యాకరే ఇంటిపేరు ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

థ్యాకరే అనగానే ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్లకు కలకత్తాలో పుట్టిన నవలా రచయిత విలియం మేక్‌పీస్ థ్యాకరే గుర్తొస్తాడు. మిగతావాళ్లకు ముంబయి రాజకీయాలు గుర్తొస్తాయి. ఈ పేరు కథ మాత్రం ఆ రెండింటికంటే నాలుగైదు వందల ఏళ్ల ముందు, ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లోని ఒక చిన్న లోయలో మొదలైంది. ప్రసిద్ధుల పేర్లు పక్కన పెట్టి నేల నుంచి మొదలుపెడితేనే ఈ ఇంటిపేరు అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఇక్కడ ముందు ఆ నేల గురించి, తర్వాత మనుషుల గురించి చెప్పాను.

ఇది మనిషి పేరు నుంచి వచ్చిందా, వృత్తి నుంచా, ఊరి నుంచా?

ఊరి నుంచే. నిజానికి అది ఊరనేంత పెద్దది కూడా కాదు, ఒక ఊరి పొలిమేరలో ఉన్న చిన్న నివాసం. ఇంగ్లీషు ఇంటిపేర్లలో కొన్ని తండ్రి పేరు నుంచి వచ్చాయి (జాన్సన్ అంటే జాన్ కొడుకు), కొన్ని వృత్తి నుంచి (స్మిత్ అంటే లోహప్పని చేసేవాడు), కొన్ని రూపాన్నో స్వభావాన్నో బట్టి పెట్టిన పేర్లు (బ్రౌన్, లాంగ్). ఉండే చోటును బట్టి వచ్చినవి చాలా ఎక్కువ. మన కందుకూరి, గురజాడ లాంటి ఇళ్లపేర్లు ఊళ్ల నుంచి వచ్చినట్టే థ్యాకరే కూడా వచ్చింది.

ఆ చోటు యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్‌లో (పడమటి భాగంలో), ఫ్యూస్టన్ పారిష్‌లోని (ఒక చర్చి పరిధిలోని) గ్రేట్ టింబుల్ అనే గ్రామం పరిధిలో ఉండేది. దాని పేరు థ్యాక్రే. పక్కనే వాష్‌బర్న్ అనే చిన్న నది పారుతుంది. అది పోయి వార్ఫ్ నదిలో కలుస్తుంది. హారోగేట్, ఆట్లీ పట్టణాలు దగ్గర్లోనే ఉన్నాయి.

పేరుకి అర్థం ఏమిటి?

పేరులో రెండు ముక్కలున్నాయి. మొదటిది 'థ్యాక్', అంటే ఇంటి పైకప్పు మీద పరిచే గడ్డి, రెల్లు. రెండోది 'వ్రా', అంటే మూల, ఒదిగి ఉన్న చోటు. కలిపి చూస్తే ఇళ్లు కప్పుకోవడానికి రెల్లు దొరికే మూల అని.

వినడానికి మామూలుగా ఉన్నా, ఆ రోజుల్లో ఇది ఊరంతటికీ అవసరమైన సమాచారం. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో పల్లెటూరి ఇళ్లు ఎక్కువగా పూరిళ్లే. కొన్నేళ్లకోసారి పైకప్పు మార్చాల్సిందే. నది ఒడ్డున తడి నేలలో రెల్లు, జమ్ము ఎక్కడ బాగా పెరుగుతాయో ఊళ్లో అందరికీ తెలిసి ఉండాలి. అలాంటి చోటుకి అదే పేరు స్థిరపడిపోయింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. ఎసెక్స్‌లోని థ్యాక్‌స్టెడ్ అంటే కప్పుగడ్డి దొరికే చోటు. బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి థ్యాక్లీ పేరులోనూ అదే మాట ఉంది. కంబ్రియాలో థ్యాక్‌త్వైట్ అనే ఊరు ఉంది. అది కప్పుగడ్డి పెరిగే, అడవి కొట్టి చదును చేసిన చోటు.

'వ్రా' అనే మాట ఇంగ్లీషులా లేదే?

లేదు మరి. అది వైకింగుల భాష, పాత నార్స్. 866లో డేన్ల (డెన్మార్క్ వైకింగుల) సైన్యం యార్క్ నగరాన్ని పట్టుకుంది. 876లో హాఫ్‌డాన్ అనే నాయకుడు ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజ్యం భూముల్ని తన మనుషులకు పంచాడు, వాళ్లు నాగలి పట్టి వ్యవసాయంలో దిగారు. ఆ తర్వాత పదో శతాబ్దంలో ఐర్లండ్ వైపు నుంచి నార్వే మూలాలున్నవాళ్లు కూడా వాయవ్య ఇంగ్లండ్‌కి వచ్చి స్థిరపడ్డారు. దోచుకోవడానికి వచ్చినవాళ్లు పక్కింటివాళ్లయ్యారు. ఒకటి రెండు తరాల్లో రెండు భాషలూ ఒకే పొలంలో కలిసిపోయాయి.

ఆ కలయిక ఈ పేరులో చక్కగా కనిపిస్తుంది. థ్యాక్ అనేది పాత ఇంగ్లీషులోనూ ఉంది, పాత నార్స్‌లోనూ ఉంది. వ్రా మాత్రం నార్స్‌దే. ఇదే తోకతో ఇంకో ఇంటిపేరు డాక్రే, దానికే మరో రూపం డాక్‌వ్రా. డాక్ అనే ఆకు పెరిగే మూల అని అర్థం. 1680లో లండన్‌లో పెన్నీ పోస్టు (ఒక్క పెన్నీకే ఉత్తరాలు చేరవేసే సేవ) నడిపించిన విలియం డాక్‌వ్రా పేరులో ఉన్నది ఇదే మాట. ముందు ముక్కేమీ లేకుండా 'వ్రే' అని ఒంటిగా ఉన్న ఇంటిపేరు కూడా ఇక్కడిదే.

మార్గరెట్ థాచర్ పేరుకీ దీనికీ సంబంధం ఉందా?

మాట వరకు ఉంది, కుటుంబపరంగా లేదు. థాచర్ అంటే పైకప్పు గడ్డి పరిచే పనివాడు. అది వృత్తి పేరు. ఇంగ్లండ్ దక్షిణాన పాత మాటలోని చివరి 'క' ధ్వని 'చ'గా మారింది, అందుకే అక్కడ థాచ్. ఉత్తరాన నార్స్ ప్రభావం వల్ల 'క' అలాగే నిలిచింది, అందుకే యార్క్‌షైర్ మాండలికంలో థ్యాక్. అదే పని చేసేవాణ్ని ఉత్తరాదిలో థ్యాకర్ అనేవారు, అది కూడా ఇంటిపేరే. థ్యాకర్ మనిషి చేసే పనిని బట్టి, థ్యాకరే మనిషి ఉన్న చోటును బట్టి వచ్చాయి. వంశవృక్షాలు గీసే చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. కలపకూడదు.

ఆ థ్యాక్రే అనే చోటుకు ఇప్పుడు వెళ్లి చూడవచ్చా?

అక్కడిదాకా వెళ్లవచ్చు గానీ ఆ చోటు మాత్రం కనిపించదు. అది నీళ్లలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో లీడ్స్ నగరం బట్టల మిల్లులతో, ఇంజనీరింగ్ పరిశ్రమతో విపరీతంగా పెరిగింది. జనాభాకి తగ్గ మంచినీళ్లు లేవు, కలరా లాంటి రోగాలు ప్రబలాయి. నగర పాలక సంస్థ వాష్‌బర్న్ లోయ మీద దృష్టి పెట్టింది. 1870లలో వరసగా లిండ్లీ వుడ్, స్విన్‌స్టీ, ఫ్యూస్టన్ అనే మూడు జలాశయాలు కట్టారు. 1879లో పూర్తయిన ఫ్యూస్టన్ జలాశయం కింద థ్యాక్రే మునిగిపోయింది. 1966లో ఇదే లోయ ఎగువన థ్రస్‌క్రాస్ జలాశయం కట్టినప్పుడు వెస్ట్ ఎండ్ అనే ఊరు కూడా మునిగింది. బాగా ఎండలు ముదిరి నీళ్లు తగ్గిన సంవత్సరాల్లో ఆ ఊరి పాత గోడలు బయటపడతాయి, చూడటానికి జనం వస్తారు.

ఒక ఇంటిపేరుకి పుట్టినిల్లయిన చోటు నీళ్లలో ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ నీళ్లు తాగి లీడ్స్ బతికిందన్నదీ నిజమే. ఇప్పుడు ఫ్యూస్టన్ జలాశయం చుట్టూ నడకదారి ఉంది, చుట్టూ పైన్ చెట్లు ఉంటాయి. ఈ పేరున్నవాళ్లు ఆస్ట్రేలియా, అమెరికా, కెనడాల నుంచి వస్తే చూడగలిగేది అంతే.

చోటు పేరు ఇంటిపేరుగా ఎప్పుడు మారింది?

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలుచుకున్నాక, ముందు పెద్ద భూస్వాములు వంశపారంపర్య పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. మామూలు జనానికి ఆ అలవాటు రావడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. ఉత్తరాదిలో ఇంకా ఆలస్యమైంది. విలియం, జాన్, థామస్, రాబర్ట్ లాంటి నాలుగైదు పేర్లే ఊరంతా ఉంటే పన్ను వసూలు చేసే గుమాస్తాకి ఎవరు ఎవరో తెలియదు. అందుకే 'ఫలానా చోటి జాన్' అని రాసుకునేవాడు.

మనకి బాగా ఉపయోగపడే కాగితం 1379 నాటి తలపన్ను జాబితా. ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు కోసం రాజు పదహారేళ్లు దాటినవాళ్ల మీద వేసిన పన్ను అది, పేదలకి కనీసం నాలుగు పెన్నీలు. ఇలాంటి పన్నుల మీద కోపమే 1381లో రైతుల తిరుగుబాటుగా పేలింది. వెస్ట్ రైడింగ్ జాబితాలు చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలాయి. అందులో ఈ పేరు 'ద థ్యాక్‌వ్రా' అన్న రూపంలో కనిపిస్తుంది. ఆ 'ద' అంటే 'చెందిన' అని. తర్వాతి తరాల్లో ఆ ముక్క రాలిపోయింది. మనిషి ఊరు మారినా పేరు మారలేదు. ఊరు మారినా పేరు వెంట వచ్చిందంటే అది ఇంటిపేరు అయిపోయినట్టే.

ఇన్ని స్పెల్లింగులు ఎందుకున్నాయి?

థ్యాకరే, థ్యాక్రే, థ్యాక్రా, థ్యాక్‌వ్రే, థ్యాకరీ, థ్యాకరా, ఇవన్నీ ఒకే పేరు. పంతొమ్మిదో శతాబ్దం దాకా ఇంగ్లండ్ పల్లెల్లో స్పెల్లింగ్ అన్నది చర్చి గుమాస్తా చేతిలో ఉండేది. ఆయన విన్నది విన్నట్టు రాసేవాడు. ఒకే మనిషికి బాప్తిస్మం రోజున ఒక స్పెల్లింగు, పెళ్లి రోజున ఇంకొకటి, సమాధి మీద మూడోది ఉండటం మామూలే.

'మావాళ్లు ఆ థ్యాకరేలు, వాళ్లు ఈ థ్యాక్రేలు' అని స్పెల్లింగును బట్టి గీత గీసేవాళ్లని చూశాను. పాత రికార్డుల్లో ఆ గీతకి ఆధారం లేదు. థ్యాక్‌వ్రే అన్న రూపం పాత ఉచ్చారణకి దగ్గరగా ఉంది కాబట్టి చూడముచ్చటగా ఉంటుంది. అంతమాత్రాన అది ఎక్కువ అసలైనదేమీ కాదు.

ఇది నిజంగా అరుదైన పేరా?

యార్క్‌షైర్‌లో, ముఖ్యంగా లీడ్స్ చుట్టుపక్కల, థ్యాక్రే అన్న రూపం జనానికి బాగా తెలిసినదే. నవలా రచయిత వాడిన స్పెల్లింగు మాత్రం తక్కువ. ఇంగ్లండ్ మొత్తం మీద చూస్తే అన్ని రూపాలూ కలిపినా పెద్ద సంఖ్య కాదు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. నార్టన్, న్యూటన్ లాంటి పేర్లున్న ఊళ్లు దేశమంతా డజన్ల కొద్దీ ఉన్నాయి, కాబట్టి ఆ ఇంటిపేర్లు ఎన్నో చోట్ల విడివిడిగా పుట్టాయి. థ్యాక్రే లాంటి చిన్న చోటు నుంచి బయల్దేరే కుటుంబాలు కొద్దే. పైగా 1348-49లో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టింది. అప్పుడప్పుడే స్థిరపడుతున్న ఇంటిపేర్లు ఎన్నో మగ సంతానం లేక అంతరించాయి. మిగిలినవి అదృష్టంకొద్దీ మిగిలాయి.

అయితే థ్యాకరేలు, థ్యాక్రేలు అందరూ ఒకే రక్తమా?

చిన్న చోటు నుంచి వచ్చిన అరుదైన పేర్ల విషయంలో ఆ అవకాశం ఎక్కువ. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోము కూడా ఇంటిపేరు దారిలోనే నడుస్తుంది. లెస్టర్ యూనివర్సిటీలో ట్యూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ ఇంగ్లీషు ఇంటిపేర్ల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇదే: పేరు ఎంత అరుదైతే, ఆ పేరున్న మగవాళ్లకు ఒకే మూలపురుషుడు ఉండే అవకాశం అంత ఎక్కువ. స్మిత్ లాంటి పేర్లలో అది దాదాపు ఉండదు.

అయినా దత్తతలు, పెళ్లికి బయట పుట్టిన పిల్లలు, ఆస్తి కోసం పేరు మార్చుకున్న అల్లుళ్లు ప్రతి వంశంలోనూ ఉంటారు. అలాగే థ్యాక్రే నివాసంలో ఒకటికంటే ఎక్కువ కుటుంబాలు ఉండి, వేర్వేరుగా బయటికి వెళ్లి ఉండవచ్చు. కాబట్టి పేరు కలిసిందని బంధుత్వం కలిపేయకూడదు, కాగితం చూడాలి.

నవలా రచయిత కుటుంబం కూడా ఆ లోయదేనా?

వాళ్ల సొంతూరు హ్యాంప్స్‌త్వైట్, నిడ్ నది ఒడ్డున ఉన్న ఊరు. ఫ్యూస్టన్ నుంచి కొద్ది మైళ్ల దూరమే. నేర్స్‌బరో రాజ అడవి అని పిలిచే ప్రాంతంలో ఈ కుటుంబాలు తరతరాలుగా సొంత భూమి ఉన్న చిన్న రైతులు.

కుటుంబం దశ తిప్పినవాడు థామస్ థ్యాకరే. 1693లో పుట్టాడు. ఈటన్ స్కూల్లో, కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో చదువుకున్నాడు. 1746 నుంచి 1760లో చనిపోయేదాకా హారో స్కూలు హెడ్మాస్టరు. చర్చిలో సర్రే ఆర్చ్‌డీకన్ అనే పెద్ద పదవి కూడా దక్కింది. పిల్లలు పదహారుమంది! వాళ్లకీ, వాళ్ల పిల్లలకీ దారి చూపించాల్సి వచ్చింది కాబట్టే ఈ పేరు చర్చిలోకి, కేంబ్రిడ్జ్‌లోకి, వైద్యంలోకి, చివరికి ఈస్టిండియా కంపెనీలోకి పాకింది. జార్జి థ్యాకరే అనే మనవడు 1814 నుంచి 1850 దాకా కింగ్స్ కాలేజీకి ప్రొవోస్టుగా, అంటే అధిపతిగా ఉన్నాడు.

యార్క్‌షైర్ రైతు కుటుంబం ఒక్క చదువుతో ఇంత దూరం వెళ్లడం ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం.

ఇండియాకి ఎలా వచ్చారు?

హెడ్మాస్టరు గారి ఆఖరి కొడుకు విలియం మేక్‌పీస్ థ్యాకరే (నవలా రచయితకి తాత, ఇద్దరిదీ ఒకే పేరు) 1766లో కంపెనీ ఉద్యోగిగా కలకత్తా చేరాడు. అప్పటికి పదిహేడేళ్లవాడు. 1770లలో సిల్హెట్‌లో కలెక్టరుగా పనిచేశాడు. అడవుల్లో ఏనుగుల్ని పట్టించి కంపెనీకి అమ్మిన వ్యాపారం వల్ల ఆయన పేరు బెంగాల్లో ఏనుగులతో ముడిపడిపోయింది. కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారం చేసుకుని డబ్బు గడించడం అప్పట్లో మామూలు. ఆయన అక్క జేన్ 1772లో జేమ్స్ రెనెల్‌ని పెళ్లి చేసుకుంది. బెంగాల్ సర్వేయర్ జనరల్‌గా పనిచేసి, హిందూస్తాన్ పటం గీసిన రెనెల్ ఆయనే.

తాతగారు పదేళ్లలో సంపాదించుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. కొడుకుల్లో ఎక్కువమంది మళ్లీ ఇండియా దారే పట్టారు. వాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. రిచ్‌మండ్ అనే కొడుకు కలకత్తా రెవెన్యూ శాఖలో పనిచేసి 1815లో ముప్ఫై నాలుగో ఏట చనిపోయాడు. నవలా రచయిత ఆయన ఒక్కగానొక్క కొడుకు, 1811 జూలై 18న కలకత్తాలో పుట్టాడు. ఆ ఇంటి స్థలంలోనే ఇప్పుడు ఆర్మేనియన్ కాలేజీ ఉంది. తండ్రి పోయాక, అయిదేళ్ల పిల్లాణ్ని 1816 చివర్లో ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేశారు. దారిలో ఓడ సెంట్ హెలెనా ద్వీపం దగ్గర ఆగినప్పుడు, అక్కడ బందీగా ఉన్న నెపోలియన్‌ని చూశాడు.

తెలుగు నేలతో ఈ కుటుంబానికి సంబంధం ఉందా?

ఉంది, అది పైపై సంబంధం కాదు. 1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్ని కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. థామస్ మన్రో అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. 1807 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆయన కింద పనిచేసిన నలుగురు సబార్డినేట్ కలెక్టర్లలో ఒకడు విలియం థ్యాకరే, నవలా రచయితకి పెదనాన్న. ఆయన చూసుకున్నది ఆదోని డివిజన్. పాలెగాళ్లను అణచడం, పొలం పొలం కొలిచి శిస్తు కట్టడం ఆ ఏడేళ్లలో జరిగిన పని.

తర్వాత జమీందారీ పద్ధతి మంచిదా, రైత్వారీ మంచిదా అన్న పెద్ద చర్చ నడిచింది. విలియం థ్యాకరే మన్రో పక్షాన రైత్వారీ వైపు నిలబడ్డాడు. 1807లో ఆయన రాసిన నివేదిక, కంపెనీ వ్యవహారాల మీద 1812లో బ్రిటిష్ పార్లమెంటుకి వెళ్లిన ప్రసిద్ధ అయిదో నివేదిక అనుబంధాల్లో చేరింది. రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకోవాలన్నది అందులో వాదన. కానీ అందులోనే ఇంకో మాట ఉంది. ఇంగ్లండ్‌లో భూమి రాబడిలో కొంత పెద్ద కుటుంబాలకు చేరి, వాళ్లలోంచి పార్లమెంటు సభ్యులు, మేధావులు, వీరులు రావడం సబబే గానీ, ఇండియాలో అలాంటి స్వతంత్ర భావాన్ని అణిచి ఉంచాలని ఆయన అభిప్రాయం. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. రైతు మేలు అన్న మాట వెనకాల పరిపాలకుడి లెక్క ఏమిటో ఇంత సూటిగా ఇంకెక్కడా కనిపించలేదు. రాయలసీమ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆ నివేదికని తప్పకుండా చదవాలి.

కిట్టూరు చెన్నమ్మ యుద్ధంలో చనిపోయిన థ్యాకరే ఎవరు?

అదే కుటుంబం. విలియం, రిచ్‌మండ్‌ల తమ్ముడు సెంట్ జాన్ థ్యాకరే, ధార్వాడ కలెక్టరు, పొలిటికల్ ఏజెంటు. కిట్టూరు సంస్థానం పాలకుడైన దేశాయి కొడుకులు లేకుండా చనిపోతే, దత్తతని కంపెనీ ఒప్పుకోలేదు. థ్యాకరే ఖజానాకి సీలు వేయించి, కోటని స్వాధీనం చేసుకోబోయాడు. రాణి చెన్నమ్మ ఎదురు తిరిగింది. 1824 అక్టోబరు 23న కోట ముందు జరిగిన పోరులో థ్యాకరే చనిపోయాడు. కిట్టూరు వీరుడు అమటూరు బాలప్ప తుపాకీ గుండు తగిలిందని కర్ణాటకలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

డిసెంబరులో కంపెనీ పెద్ద సైన్యంతో వచ్చి కోట పట్టుకుంది. ఆ రెండో పోరులో థామస్ మన్రో బంధువుల కుర్రాడైన షోలాపూర్ సబ్ కలెక్టరు కూడా చనిపోయాడు. చెన్నమ్మ బైలహొంగలలో బందీగా ఉండి 1829లో కన్నుమూసింది. మన వైపు పాఠాల్లో థ్యాకరే పేరు నవలా రచయితగానే వస్తుంది. ధార్వాడ, బెళగావి వైపు పిల్లలకు మాత్రం ఆ పేరు మొదట వినపడేది ఈ యుద్ధం కథలోనే.

నవలా రచయిత పేరు ఆయన వంశంలో కొనసాగిందా?

లేదు. ఆయనకి బతికి పెరిగినవాళ్లు ఇద్దరూ కూతుళ్లే. 1863లో ఆయన చనిపోయాడు. పెద్దమ్మాయి ఆన్ రచయిత్రి అయ్యింది, రిచీ అనే బంధువుని పెళ్లి చేసుకుంది. చిన్నమ్మాయి హ్యారియట్ లెస్లీ స్టీఫెన్‌ని చేసుకుని 1875లో చనిపోయింది. ఆ లెస్లీ స్టీఫెన్ రెండో పెళ్లిలో పుట్టిన కూతురే ప్రసిద్ధ ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్. అంటే వుల్ఫ్‌కి థ్యాకరే రక్తం లేదు గానీ, ఆమె సవతి అక్క లారా మాత్రం థ్యాకరే మనవరాలు. ప్రపంచమంతా తెలిసిన ఈ ఇంటిపేరు అత్యంత ప్రసిద్ధుడి ఇంట్లోనే ఆగిపోయింది. మామూలు థ్యాక్రేల ఇళ్లల్లో నడుస్తూనే ఉంది.

మేక్‌పీస్ అంటే?

శాంతి చేసేవాడు, తగువు తీర్చేవాడు. అదీ మధ్యయుగాల నాటి ఇంగ్లీషు ఇంటిపేరే. ఈ కుటుంబంలో మధ్య పేరుగా నిలిచింది.

ముంబయి ఠాక్రేలు వీళ్లకి బంధువులా?

కాదు. ఠాక్రే మరాఠీ ఇంటిపేరు, దాని పుట్టుక వేరు. సంఘ సంస్కర్త కేశవ సీతారామ్ ఠాక్రే (1885-1973), ప్రబోధన్కార్‌గా పేరు పొందినవారు, నవలా రచయిత మీద అభిమానంతో ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆయన స్పెల్లింగు తీసుకున్నారని ప్రసిద్ధి. బాల్ ఠాక్రే ఆయన కొడుకు. కలిసినది ఇంగ్లీషు అక్షరాల వరకే. థ్యాకరే అన్నది ఠాకూర్ నుంచి ఇండియాలో పుట్టిన పేరు అనే వాదన కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. కంపెనీ పుట్టకముందే, 1379లోనే యార్క్‌షైర్ పన్ను జాబితాలో ఆ పేరు ఉంది కాబట్టి అది నిలబడదు.

ఈ పేరున్న ఇతర ప్రసిద్ధులు ఎవరు?

నా దృష్టిలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సినవాడు చార్లెస్ టర్నర్ థ్యాక్రా (1795-1833), లీడ్స్ సర్జన్. మిల్లుల్లో, గనుల్లో, వర్క్‌షాపుల్లో పనివాళ్లకి ఏ పని వల్ల ఏ జబ్బు వస్తోందో స్వయంగా తిరిగి చూసి 1831లో పుస్తకం రాశాడు. అవిసెనార దుమ్ము పీల్చేవాళ్ల ఊపిరితిత్తులు, లోహపు రజను పీల్చేవాళ్ల దగ్గు, వంగి కూర్చుని కుట్టే దర్జీల ఛాతీ, ఒక్కొక్కటీ విడివిడిగా రాశాడు. ఇంగ్లండ్‌లో వృత్తి వ్యాధుల వైద్యానికి ఆద్యుడు ఆయనే. లీడ్స్ వైద్య పాఠశాల స్థాపకుల్లో కూడా ఒకడు. ముప్ఫై ఎనిమిదేళ్లకే చనిపోయాడు. నవలా రచయితకి దక్కిన పేరులో పదో వంతు కూడా ఈయనకి దక్కకపోవడం అన్యాయం.

అదే లీడ్స్‌లో చార్లెస్ థ్యాక్రే 1902లో మొదలుపెట్టిన మందుల దుకాణం క్రమంగా శస్త్రచికిత్స పరికరాల కంపెనీ అయ్యింది. 1960లలో సర్జన్ జాన్ చార్న్‌లీతో కలిసి కృత్రిమ తుంటి కీళ్లు తయారుచేసింది ఈ కంపెనీయే. ఇవాళ మన ఊళ్లల్లో జరిగే తుంటి మార్పిడి ఆపరేషన్ల వెనక చార్న్‌లీ పద్ధతే ఉంది. ఆ కుటుంబం పేరుతోనే 1997లో లీడ్స్‌లో వైద్య మ్యూజియం తెరిచారు, దిక్కులేని పేదల కోసం నడిపిన పాత వర్క్‌హౌస్ భవనంలో.

అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన థ్యాకరా, వాలన్స్ అనే చెక్కుడు పనివాళ్లు 1792లో వాషింగ్టన్ నగరం తొలి పటాన్ని రాగి రేకు మీద చెక్కారు. లీడ్స్ గాయకుడు జేక్ థ్యాక్రే (1938-2002) యార్క్‌షైర్ యాసతో రాసి పాడిన పాటలు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ వింటారు.

ఈ ఇంటిపేరుకి సొంత వంశచిహ్నం ఉందా?

ఇంటిపేరుకి చిహ్నం అనేది ఉండదు. ఇంగ్లండ్‌లో అలాంటి చిహ్నాన్ని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఒక వ్యక్తికి ఇస్తుంది, అది ఆయన నేరు వారసులకే చెందుతుంది. 'మీ ఇంటిపేరు చిహ్నం' అని ఫ్రేము కట్టి అమ్మేవాళ్లకి డబ్బు కట్టకండి.

ఈ పేరున్న పూర్వీకుల గురించి వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పటి తరం నుంచి వెనక్కి వెళ్లండి. ప్రసిద్ధుడి నుంచి ముందుకు రాకండి. ఇంగ్లండ్‌లో జనన మరణాల నమోదు 1837 జూలైలో మొదలైంది. 1841 నుంచి జనాభా లెక్కల్లో పేర్లు ఉంటాయి. ఇంకా వెనక్కి పోతే చర్చి రిజిస్టర్లు. 1538లో రాజాజ్ఞతో మొదలైనా చాలా ఊళ్లలో తొలి పుస్తకాలు పోయాయి. యార్క్‌షైర్ వీలునామాలు యార్క్‌లోని బోర్త్‌విక్ సంస్థలో ఉన్నాయి. 1704 నుంచి జరిగిన వెస్ట్ రైడింగ్ భూమి లావాదేవీల దస్తావేజులు వేక్‌ఫీల్డ్‌లో దొరుకుతాయి. నేర్స్‌బరో భూమి కోర్టు చుట్టలు (చుట్టగా చుట్టి దాచిన పాత రికార్డులు) లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కౌలు మారినప్పుడల్లా తండ్రి పేరు, కొడుకు పేరు అందులో రాసేవారు కాబట్టి రైతు కుటుంబాలకి అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇండియాలో పనిచేసిన థ్యాకరేల కోసమైతే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి. బెంగాల్, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల బాప్తిస్మం, పెళ్లి, ఖననం నమోదులు విడివిడిగా ఉన్నాయి. ఏది వెతికినా పైన చెప్పిన స్పెల్లింగులన్నీ వేసి చూడండి. కంప్యూటర్లో వెతికేటప్పుడు మొదటి అక్షరం 'టి' మాత్రమే పెట్టి, 'హెచ్' లేకుండా కూడా ఒకసారి ప్రయత్నించండి. యార్క్‌షైర్ గుమాస్తాలు అలా రాసిన పేజీలు కూడా ఉంటాయి.